ఎవరు ఎవరికి ఫోన్ చేశారు

పోయిన వారం మనం బీ లెంగ్‌ని సింగపూర్‌లో ఒక ఫ్లాట్ల భవనం పదకొండో అంతస్తు వరండాలో, ఇనప గ్రిల్లు ముందు, కాలింగ్ బెల్ మీద వేలుతో వదిలేసి వచ్చాం. ఇంట్లో సల్బియా ఒక్కతే ఉండాలి. భర్త మస్దూకీ డ్యూటీకి వెళ్తాడనీ, ఆ వేళకి వచ్చి తన కొడుకు హైకల్‌ని ఒక్కసారి చూసి పొమ్మనీ సల్బియా ఫోన్లో గుసగుసగా బతిమాలింది. తీరా తలుపు తీసింది మస్దూకీ.

"ఎవరు కావాలి?" అన్నాడు గ్రిల్లు తాళం తియ్యకుండానే.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. సైన్యంలో ముప్పై ఏళ్లు చేసి వారంట్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో సెక్యూరిటీ సూపర్‌వైజరు. క్యాంపులో వారంట్ ఆఫీసర్లని అందరూ 'ఎన్చిక్' అంటారు. ఉద్యోగం అయిపోయినా ఆ పిలుపు ఆయన్ని వదల్లేదు. లిఫ్టులో పిల్లలూ, కింద టీ కొట్టు వాడూ ఇప్పటికీ ఎన్చిక్ అనే అంటారు. అనకపోతే ఆయన తిరిగి చూడడు కూడా.

"సల్బియాని కలుద్దామనండీ."

"సల్బియాకి నాకు తెలీని స్నేహితులెవరూ లేరే. మెడలో ఆ పట్టీ ఏంటి? నీళ్ల మీటరు చూడ్డానికి వచ్చారా?"

బీ లెంగ్ చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని మానసిక వైద్య క్లినిక్ గుర్తింపు కార్డు మీదకు వెళ్లింది. మస్దూకీ గ్రిల్లు సందులోంచి వంగి దాన్ని చదివాడు. పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి. చదవడం అయ్యాక ముఖం గంటు పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ ఆమె బూట్లు విప్పబోయింది.

"విప్పకండి. మళ్లీ తొడుక్కోవాలి. ఎందుకు ఆ శ్రమ?" అన్నాడు.

బీ లెంగ్ డాక్టరు కాదు, నర్సూ కాదు. కొడుక్కి మొదటిసారి మతి చెదిరినప్పుడు ఇల్లు ఎలా తలకిందులవుతుందో స్వయంగా చూసిన తల్లి. ఇప్పుడు అలాంటి ఇళ్లకి తోడుగా వెళ్తుంది. క్లినిక్‌లో ఆ పనిని పీర్ సపోర్ట్ అంటారు. ఆ పనిలో మొదటి రోజే నేర్పే సంగతులు మూడు: జబ్బుకి పేరు పెట్టకూడదు, అది డాక్టరు పని. సలహా ఇవ్వకూడదు. వాదించకూడదు. మరి చెయ్యాల్సిందేమిటంటే, నీ కథ చెప్పడం. అంతే. చేతిలో కర్ర లేకుండా కుక్కలున్న వీధిలోకి పంపడం లాంటిదని బీ లెంగ్ చాలాసార్లు విసుక్కుంది గానీ, ఎనిమిదేళ్లలో వందకి పైగా గుమ్మాలు ఆ ఒక్క కథతోనే ఎక్కి దిగింది.

"నేనే రమ్మన్నా," అంది సల్బియా వెనక నుంచి. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి భర్తకి రెండడుగుల దూరంలో ఆగింది. "ఆవిణ్ణేమీ అనకండి. నేనే ఫోన్ చేశా."

"నువ్వా?" మస్దూకీ తల తిప్పలేదు. "భేష్. ఇంటి గుట్టు ఊరంతా చాటింపు వెయ్యడానికి మనిషిని కూడా కుదుర్చుకున్నావన్నమాట. ఎంతిస్తున్నావేంటి?"

"ఏమీ లేదండీ. ఊరికే వస్తారు."

"ఊరికే వచ్చేవాళ్లని అసలు నమ్మకూడదు."

పక్కింటి కిటికీ రెక్క చప్పుడు చేసింది. అటు ఎవరో తీరిగ్గా చెవి పెట్టారు. మస్దూకీకి కోపం కంటే పరువు పెద్దది. తాళం తీసి గ్రిల్లు లాగాడు.

"పది నిమిషాలు. నిలబడే మాట్లాడండి."

లోపల అంతా అద్దంలా ఉంది. ఇస్త్రీ బల్ల మీద హైకల్ యూనిఫామ్ మడత నలగకుండా పరిచి ఉంది. చొక్కా చేతుల మీద గీతలు చూస్తేనే తెలుస్తోంది, అది తల్లి చేసిన ఇస్త్రీ కాదని. సోఫా పక్కన మూసిన గది తలుపు. తలుపు కింద ఒక పళ్లెంలో రెండు ఉడికించిన కోడిగుడ్లు, పెంకుతో సహా.

"ఐదు రోజులుగా అవే తింటున్నాడక్కా," అంది సల్బియా ఆమె చూపు పట్టుకుని. "అన్నం ముట్టడు. పెంకు తనే ఒలుచుకోవాలిట. పెంకుంటే లోపల ఎవరూ ఏమీ కలపలేరట. ఫ్యాను రెక్కలకి ప్లాస్టరు చుట్టాడు. క్యాంపులో తన సెక్షన్ కుర్రాళ్లకి తన ఆలోచనలు వినబడుతున్నాయట, అందుకని రాత్రంతా లెక్కలు చదువుతూ కూర్చుంటాడు, వాళ్లకి విసుగొచ్చి వినడం మానేస్తారని."

"చూశారా?" అన్నాడు మస్దూకీ. "ఎంత తెలివో చూశారా? సెలవు రాయించుకోడానికి మా కాలంలో నడుం నొప్పి అనేవాళ్లు. వీడు చదువుకున్నవాడు కదా, బుర్రే పాడైందంటున్నాడు. దీన్ని మేం ఏమంటామో తెలుసా మీకు?"

తెలుసు. సింగపూర్‌లో మగపిల్లాడున్న ఏ తల్లికైనా తెలుసు. పద్దెనిమిది దాటిన ప్రతి కుర్రాడూ రెండేళ్లు సైన్యంలో చెయ్యాలి. ఆ రెండేళ్లలో జబ్బు నటించి పని ఎగ్గొట్టడాన్ని 'కెంగ్' కొట్టడం అంటారు. దొంగ అన్నా పడతారు గానీ కెంగ్ అంటే కుర్రాళ్లు కొట్టుకు చస్తారు. అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుంది, అంత లోతుగా దిగుతుంది.

"కెంగ్," అన్నాడు మస్దూకీ, పళ్ల మధ్య నుంచి. "నేను ముప్పై ఏళ్లు కెంగ్ పట్టుకున్నవాణ్ణి. నడక చూసి చెప్పేవాణ్ణి. దగ్గు విని చెప్పేవాణ్ణి. అలాంటి నా కడుపున వీడు పుట్టాడు. సెలవు ఇవాళ్టితో ఆఖరు. సాయంత్రం ఆరింటికల్లా క్యాంపులో ఉండాలి. మధ్యాహ్నం నమాజు అవగానే నేనే కారెక్కించి తీసుకుపోతా. తీసుకుపోయి వాళ్ల ఎన్చిక్‌కి అప్పజెప్పి నా నోటితో చెప్తా. వీడు నా కొడుకు, వీడిది నాటకం, ఏ మినహాయింపూ ఇవ్వొద్దు, అని. కన్నతండ్రే చెప్పాక ఇంకెవరు అడ్డం?"

ఆ మాటే బీ లెంగ్‌ని భయపెట్టింది. క్యాంపులో డాక్టర్లు లేక కాదు. కన్నవాళ్లే వచ్చి నాటకమని సాక్ష్యం చెప్తే ఆ కుర్రాడిని డాక్టరు దాకా పంపేదెవరు? ఇవాళ మూడింటికి క్లినిక్‌లో పెద్ద డాక్టరు హైకల్ కోసం టైమ్ అట్టేపెట్టాడు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఈ మనిషి ఒంటిగంటన్నరకి కారు తీస్తే ఆ కుర్రాడు ఇంకెన్నాళ్లు గుడ్ల మీద బతుకుతాడో ఎవరికీ తెలీదు.

"ఎన్చిక్, మూడింటికి క్లినిక్‌లో పెద్ద డాక్టరు మీవాడి కోసం టైమ్ ఉంచారు. అంతకు ముందు మీకు నా సంగతి కొంచెం చెప్పనా?" అంది.

"డాక్టరు చదువు చదివారా?"

"లేదు."

"నర్సు?"

"బడి క్యాంటీన్లో చేప ఉండల నూడుల్స్ అమ్మేదాన్ని. ఇరవై ఏళ్లు."

మస్దూకీ నవ్వాడు. నిజంగా సరదా పడి నవ్వాడు. "సల్బియా, విన్నావా? నీ కొడుక్కి వైద్యం చెయ్యడానికి నూడుల్స్ ఆవిణ్ణి తెచ్చావు. మరి ఈ ఉద్యోగం ఎలా వచ్చిందమ్మా? పరీక్ష రాశావా?"

"నా కొడుక్కి ఇలాగే వచ్చింది. అందుకని ఇచ్చారు."

"అంటే కొడుక్కి పిచ్చెక్కితే తల్లికి జీతమన్నమాట. బాగుంది. వాడికి నయమైపోతే ఉద్యోగం పీకేస్తారా?"

ఇలాంటివి బీ లెంగ్‌కి కొత్త కాదు. అయినా నొప్పి నొప్పే. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేసి, ఎన్నోసార్లు చెప్పి అరిగిన కథ మొదలుపెట్టింది.

"మా వీ కియాట్‌కి అప్పుడు పంతొమ్మిది. బాగా నవ్వించేవాడు. క్యాంపుకి వెళ్లిన ఏడో నెలలో మారిపోయాడు. వారాంతానికి ఇంటికొస్తే మంచం మీద పడుకోడు, కింద పడుకునేవాడు. ఎగ్జాస్టు ఫ్యాను క్యాంపులో ఇచ్చిన తన నెంబరు పిలుస్తోందనేవాడు. నాకు అర్థం కాలేదు. నేను బద్ధకమనుకున్నా. అప్పుడు ఒకరోజు క్యాంపులో ఎన్చిక్ ఒకాయన నాకు ఫోన్ చేసి, 'అమ్మా, మీవాడిది నాటకం, కెంగ్ కొడుతున్నాడు, మీరు వాడి మాటలు నమ్మొద్దు' అన్నాడు. సైన్యంలో పెద్దమనిషి చెప్పాడు కదా, నేను నమ్మేశా. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో..."

"ఆగు," అన్నాడు మస్దూకీ.

ఆమె ఆగింది.

"వర్షంలో జెండా కర్ర పక్కన నిలబడిపోయాడు నీ కొడుకు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా. ఎంత లాగినా కదల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. అవునా?"

జెండా కర్ర సంగతి బీ లెంగ్ ఎప్పుడూ ఏ ఇంట్లోనూ చెప్పలేదు. వీ కియాట్ వద్దన్నాడని ఆ ముక్క ఎప్పుడూ వదిలేస్తుంది.

"మోసుకెళ్లి అంబులెన్సులో పడుకోబెట్టింది నేను," అన్నాడు మస్దూకీ. గొంతు చాలా మామూలుగా ఉంది. అందుకే సల్బియా భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇప్పుడు మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు?"

"ఎన్చిక్..."

"ఎవరు, ఎవరికి?"

"చాలా ఏళ్లయింది కదా, నాకు సరిగ్గా..."

"పదిహేనేళ్లు. నాకు సరిగ్గానే గుర్తుంది. పొద్దున్న పది దాటింది. క్యాంపులో మా దళం ఆఫీసులో ఫోన్ మోగింది. ఎత్తింది నేను. అవతల ఒక ఆడమనిషి, చైనావాళ్ల యాసలో మలయ్ మాట్లాడుతోంది. 'ఎన్చిక్, నేను వీ కియాట్ వాళ్ల అమ్మని. వాడు నాటకాలాడుతున్నాడు, చిన్నప్పట్నుంచీ అంతే, మీరు జాలి పడకండి, ఇంకా గట్టిగా తోమండి' అంది. ఆవిడ వెనకాల బడి గంట మోగింది. పిల్లల గోల. 'పెట్టేస్తున్నా, గిరాకీ వచ్చింది' అని పెట్టేసింది." మస్దూకీ రెండడుగులు ముందుకొచ్చాడు. "బడి క్యాంటీన్లో నూడుల్స్ అన్నావు కదూ?"

మన బీ లెంగ్ అబద్ధాలకోరు కాదు. ఆమెని ఇన్ని వారాలుగా చూస్తున్న మీకు ఆ సంగతి తెలుసు. ఎనిమిదేళ్ల క్రితం మొదటిసారి పన్నెండు కుటుంబాల ముందు కథ చెప్పమన్నప్పుడు, పక్క కుర్చీలో వీ కియాట్ కూర్చుని ఉన్నాడు. నేను ఎన్చిక్‌కి ఫోన్ చేశాను అనడానికే ఆమె నోరు తెరిచింది. కొడుకు మొహం చూసింది. ఎన్చిక్ నాకు ఫోన్ చేశాడు అంది. ఒక్క విభక్తి తేడా. అందరూ కళ్లు తుడుచుకున్నారు. వీ కియాట్ బల్ల కింద ఆమె చెయ్యి నొక్కాడు. వచ్చే వారం దిద్దుకుందామనుకుంది. ఆ వచ్చే వారం ఎనిమిదేళ్లయినా రాలేదు. ఆమెకు ఈ లోకంలో ఒకటే భయం, ఆ సంగతి వీ కియాట్ చెవిన పడటం.

"నేనే చేశా," అంది.

"ఏంటి? వినబళ్లేదు."

"నేనే చేశా మీకు ఫోన్! ఆ ముందు రోజు రాత్రి వాడు బూత్‌లోంచి ఏడుస్తూ నాకు ఫోన్ చేశాడు. నాకు సిగ్గేసింది. పక్క స్టాలు ఆవిడ కొడుకు కమాండోల్లో ఉన్నాడు. నా కొడుకు ఫ్యానుకి భయపడి ఏడుస్తున్నాడు. తెల్లారి మీకు చేశా. చాలా?"

"అక్కా!" సల్బియా గొంతు చీలిపోయింది. "ఆరోజు క్లినిక్‌లో కుటుంబాల మీటింగులో నువ్వు కూర్చుని చెప్తుంటే నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసా? ఈవిడ ఎంత నిజం చెప్తోంది అనుకుని, నేను కూడా మొదట్లో వాణ్ణి చెంపదెబ్బ కొట్టానని ఎవరికీ చెప్పంది నీకు చెప్పా. నా నిజం లాక్కుని, నాకు అబద్ధం చేతిలో పెట్టావా?"



"ఆ అబద్ధంతో ఈవిడకేం పోయింది? పడ్డవాణ్ణి నేను," అన్నాడు మస్దూకీ. బీ లెంగ్ వైపు తిరిగేసరికి ఆయన గొంతు లేచింది. "ఊరంతా తిరిగి, వంద ఇళ్లలో, నా మీద చెప్పావు. పేరు చెప్పలేదంతే. ఎన్చిక్ ఒకాయన! ఎన్చిక్ ఒకాయన నీ కొడుకుని చంపబోతే నువ్వు కాపాడుకున్నావు! నీకు తెలీని ముక్క ఇంకోటుంది, విను. ఆ పొద్దున్న నీ కొడుకు మొహం చూసి నాకే అనుమానం వచ్చింది. వీడిది కెంగ్ కాదు అనిపించింది. డాక్టరు దగ్గరికి పంపమని చీటీ రాశా. వాణ్ణి బండెక్కించా. డ్రైవరు ఇంజిన్ స్టార్టు చేశాడు. అప్పుడు మోగింది నీ ఫోను. పెట్టేసి, కిటికీలోంచి డ్రైవర్ని కేకేశా, ఇంజిన్ ఆపెయ్యమని. కన్నతల్లి చెప్పాక నేనెవణ్ణి?"

ఈ సంగతి బీ లెంగ్‌కి తెలీదు. తాను అన్నది ఒట్టి మాటే అనుకుంది ఇన్నాళ్లూ. విని ఊరుకుని ఉంటారనీ, వాళ్లు ఎలాగూ నమ్మి ఉండరనీ తనకు తాను సర్దిచెప్పుకుంది. తన మాటకి ఒక బండి ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు.

"ఆ చీటీ చింపేశా. తొమ్మిది రోజుల తర్వాత జెండా కర్ర. అప్పట్నుంచి నేను నా మనసులో మాట నమ్మడం మానేశా, తెలుసా? ఎవడైనా కుర్రాడు తేడాగా కనిపిస్తే నా తీర్పు నేను చెప్పను, పుస్తకంలో ఏముందో అదే. దయ చూపించడానికి ధైర్యం చచ్చిపోయింది నాకు. నీ వల్ల! పో, బయటికి పో. నీ బూట్లు కాళ్లకే ఉన్నాయిగా."

ఆమె కదల్లేదు. కథ పోయింది. ఇక వాదించకూడదన్న నియమం కూడా పోతే పోనీ అనుకుంది.

"పోతా. పోయే ముందు మీరూ వినండి. ఆరోజు నేను ఫోన్లో మీతో ఏమన్నానో, ఇవాళ సాయంత్రం మీరు వాళ్ల ఎన్చిక్‌తో అదే అనబోతున్నారు. అక్షరం పొల్లుపోకుండా అదే. నాది ఒట్టి సిగ్గు, మీది ముప్పై ఏళ్ల అనుభవం, అంతేనా తేడా? అక్కడ కూడా ఎవరో ఒకాయనకి వీడి మొహం చూసి అనుమానం వచ్చే ఉంటుంది. మీరు వెళ్లి ఆయన చేత ఇంజిన్ ఆపిస్తారు!"

"నోరుముయ్యి!"

"ముయ్యను! కెంగ్ అయితే మీకు బాగుంటుంది. తిట్టొచ్చు, పరిగెత్తించొచ్చు, దారిలో పెట్టొచ్చు. జబ్బయితే తిట్టడానికి మీకు ఎవరూ దొరకరు. నాకూ అంతే. అందుకే నేను కెంగ్‌ని ఎంచుకున్నా. జబ్బు కావాలని ఏ తల్లి కోరుకుంటుంది?"

మస్దూకీ చెయ్యి లేచింది. కొట్టడానికి కాదు గానీ ఎందుకో ఆయనకే తెలియనట్టు గాలిలో ఆగింది. మూసిన గది లోపల లెక్కలు చదివే గొంతు అప్పటిదాకా సన్నగా వినబడుతూనే ఉంది. పదిహేడు మూళ్లు యాభై ఒకటి. పదిహేడు నాలుగులు అరవై ఎనిమిది. అది ఇప్పుడు ఆగిపోయింది. ముగ్గురూ ఆ తలుపు వైపు చూశారు.

"నీ కొడుక్కి తెలుసా ఇది?" అని అడిగాడు మస్దూకీ, గొంతు తగ్గించి.

"తెలీదు."

"ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందే. నాతో చెప్పింది వాడితో చెప్పు. చెప్తే నేను వీణ్ణి మూడింటికి నీ క్లినిక్‌కి తీసుకొస్తా. చెప్పలేకపోతే ఒంటిగంటన్నరకి కారు క్యాంపుకే. నా కొడుకు విషయంలో నేను తప్పొప్పుకోవాలి, నీ కొడుకు విషయంలో నువ్వు తప్పించుకోవాలి. అలా ఎలా కుదురుతుంది?"

"ఏమండీ, అది బేరమా?" అంది సల్బియా ఏడుస్తూ. "నా బిడ్డతో బేరమాడతారా?"

"నువ్వూరుకో."

బీ లెంగ్ ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు పేరు నొక్కింది. వీ కియాట్ కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. ఇంకో పావుగంటలో భోజనానికి లేస్తాడు. తల్లీ కొడుకులిద్దరూ రెండు గదుల ఫ్లాట్లో ఉంటారు. రోజూ రాత్రి ఎవరు ముందొస్తే వాళ్లు అన్నం పెడతారు. ఆమె ప్రపంచం అంతే.

"అమ్మా? తిన్నావా?" స్పీకర్లో అతని గొంతు గదంతా వినబడింది. వెనక గీరుతున్న మెషిన్ చప్పుడు.

"వీ కియాట్, మెషిన్ ఆపు నాన్నా. ఒక మాట చెప్పాలి."

చప్పుడు ఆగింది.

"మీ ఎన్చిక్ నాకు ఫోన్ చేశాడని చెప్తా కదా. కెంగ్ అన్నాడని. ఆయన చెయ్యలేదు. నేనే ఆయనకి చేశా. నువ్వు నాటకాలాడుతున్నావని నేనే చెప్పా. నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బండి... నా ఫోన్ వల్లే... నాకు ఇప్పుడే తెలిసింది నాన్నా, బండి సంగతి. ఇంజిన్ ఆపించింది నేనట."

మస్దూకీ చూపు నేల మీద ఉంది.

"ఆ బండిలో కూర్చున్నా నేను," అన్నాడు వీ కియాట్ చివరికి. "ఇంజిన్ స్టార్టయింది. హమ్మయ్య అనుకున్నా. అప్పుడు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. నాకు వినబడే గొంతులే ఆపేశాయనుకున్నా. వాటికి అంత బలం ఉందా అని హడలిపోయా. తర్వాత ఆస్పత్రిలో డాక్టర్లకి చెప్పా, నేను తప్పించుకోకుండా ఎవరో ఇంజిన్ ఆపేశారని. అది జబ్బులో భాగం, అలాంటిదేం జరగలేదు, అని వాళ్లు నచ్చజెప్పారు. సరే, నా బుర్రే అబద్ధం చెప్పిందని ఒప్పుకున్నా. ఒప్పుకోడానికి నాకు రెండేళ్లు పట్టిందమ్మా."

"నాన్నా..."

"నిజంగానే ఆపారన్నమాట."

సల్బియా వచ్చి బీ లెంగ్ జబ్బ పట్టుకుంది గానీ ఆ పట్టులో ప్రేమ లేదు.

"ఎక్కడున్నావు నువ్వు? ఎవరింట్లో?" అన్నాడు వీ కియాట్. ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. మూడింటి సంగతీ, హైకల్ సంగతీ, ఈ ఇంటాయన ఎవరన్నదీ. అంతా విని అతను, "ఫోన్ ఆ అబ్బాయి తలుపు దగ్గర పెట్టండి. ఎన్చిక్, మీరే పెట్టండి. అమ్మ కాదు," అన్నాడు.

మస్దూకీ ఆ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, తలుపు సందు దగ్గర పెట్టాడు.

"హైకల్, నా పేరు వీ కియాట్. సైన్యంలో మీ నాన్నగారి దళంలోనే చేశా. నాకు ఫ్యాను నా నెంబరు పిలుస్తున్నట్టు వినబడేది. నీకు ఏం వినబడుతోందో నేను అడగను. నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు. నేను మూడింటికి క్లినిక్ మెట్ల దగ్గర ఉంటా, నీలం చొక్కా. నీతో లోపలికొస్తా. నీకు వద్దనిపిస్తే ఇద్దరం బయటే కూర్చుందాం."

లోపలి నుంచి ఐదు రోజులుగా అరిగిపోయిన గొంతు వచ్చింది.

"నీకు ఇంకా వినబడతాయా?"

"అప్పుడప్పుడు. ఇప్పుడు నేను వాటికి భయపడను. వస్తావా?"

"మా నాన్న నాది కెంగ్ అన్నాడు."

మస్దూకీ నుదురు తలుపుకి ఆనించాడు. "అన్నాను," అన్నాడు. "బట్టలు మార్చుకో బాబూ. యూనిఫామ్ వద్దు. మామూలు చొక్కా వేసుకో. క్లినిక్‌కి పోదాం. క్యాంపుకి నేను ఫోన్ చేసి చెప్తా, నా కొడుక్కి ఒంట్లో బాగోలేదని."

లోపల గడియ తీసిన చప్పుడైంది. సల్బియా బీ లెంగ్‌ని వదిలేసి పరిగెత్తింది.

బీ లెంగ్ వంగి నేల మీద ఉన్న ఫోన్ తీసుకుంది. స్పీకర్ ఆపి చెవి దగ్గర పెట్టుకుంది. తన పని అయింది. ఈ ఇంట్లో కుర్రాడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు. ఇప్పుడు కొడుకుతో ఏదో ఒకటి, క్షమించమనో, తప్పయిందనో చెప్పుకోవాలి.

"వీ కియాట్, నేనూ వాళ్లతో బయల్దేరుతున్నా. అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం."

"వద్దు. నువ్వు రాకు." అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. "ఆ కథ నీదని అందరితో చెప్పుకున్నావు. నేను కూడా అది నీదే అనుకుని పక్కన కూర్చున్నా. అది నాది అమ్మా. ఇకమీదట ఎవరింట్లోనూ నువ్వు చెప్పడానికి వీల్లేదు. ఇవాళ మూడింటికి మొదటిసారి నేను చెప్తా, జరిగింది జరిగినట్టు, డాక్టరు ముందు, మీ ఆఫీసు వాళ్ల ముందు."

"మరి నేనేం చెప్పాలి రేపట్నుంచి?"

"ఇంజిన్ ఆపినామె కథ చెప్పు," అన్నాడు వీ కియాట్, ఫోన్ పెట్టేస్తూ.